మీ ప్రశ్న, మా జవాబు: గ్రామర్ వచ్చు, మాట రాదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సాయంత్రాలు 12 మందికి ఇంగ్లీష్ చెబుతున్నాను. సగం తెలుగువాళ్లు, సగం ఒడియావాళ్లు. గ్రామర్ అడిగితే టకటకా చెప్తారు, మాట్లాడమంటే తల దించుకుంటారు. రెండు నెలల కోర్సు ఎలా వేసుకోవాలి?

జవాబు: ముందు టెన్సుల పట్టిక పక్కన పెట్టండి. ఇంగ్లీష్ ఎక్కడ అవసరమో వాళ్లనే అడగండి, బరంపురంలో ఇంటర్వ్యూకా, బ్యాంకులోనా, ఫోన్లోనా. ఆ పనులే మీ పాఠాలు. ఇంగ్లీష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టులో, అంటే స్కూళ్లలో ఇంగ్లీష్ నేర్పే ఒక ప్రయోగంలో, చేసింది ఇలాంటిదే, గ్రామర్ వరసగా చెప్పకుండా రైల్వే టైం టేబుల్ లాంటివి చేతికిచ్చి సమాధానం తేల్చమనేవారు, అర్థం మీద ధ్యాస ఉంటే వ్యాకరణం లోలోపల కుదురుకుంటుందని ఆయన నమ్మకం.

మీరూ ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, గుణుపూర్ రైలు టైములు సగం ఒకరి కాగితంలో, మిగతా సగం ఇంకొకరి కాగితంలో రాసివ్వండి. కాగితం చూపించుకోకూడదు, అడిగే తెలుసుకోవాలి. అడగక తప్పదు కాబట్టి నోరు తెరుస్తారు. మీ ఊళ్లో చాలామందికి రెండు భాషలూ వచ్చు కదా, మధ్యలో తెలుగులోకో ఒడియాలోకో జారిపోతారు, దానికి కోప్పడకండి, ఆ మాటనే ఇంగ్లీష్‌లో అందించి ముందుకు నడిపించండి.

తప్పులంటారా, మాట్లాడుతుండగా అస్సలు ఆపొద్దు, అక్కడే పిల్లలు ముడుచుకుపోతారు. మీ నోట్సులో రాసుకుని చివరి 10 నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టండి, వాళ్లే దిద్దుతారు.