అలెగ్జాండర్‌కి ఆ సైన్యం ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను. ఏ పుస్తకం తీసినా ‘మాసిడోనియా రాజు ఫిలిప్ కుమారుడు’ అని ఒక్క ముక్క రాసేసి, అలెగ్జాండర్‌ని పురుషోత్తముడి మీదకి పంపేస్తారు. ఇంతకీ ఆ ఫిలిప్ ఏం చేశాడండీ? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: హైస్కూల్లో సోషల్ చెప్పిన తొలి రోజుల్లో నేనూ ఆ ఒక్క ముక్కే చెప్పానమ్మా. ఆ పిల్లలకి బాకీ పడ్డానని ఇప్పటికీ అనిపిస్తుంది.

క్రీ.పూ. 359లో పొరుగున ఉన్న ఇల్లీరియన్ల చేతిలో మాసిడోనియా రాజు పెర్డిక్కాస్, ఆయనతో పాటు 4,000 మంది సైనికులు చనిపోయారు. పక్క తెగలు మీద పడటానికి చూస్తున్నాయి. సింహాసనం నాదంటే నాదని ఇంకొందరు బయల్దేరారు. అప్పుడు భారం నెత్తికెత్తుకున్నది తమ్ముడు ఫిలిప్. వయసు ఇరవై మూడు, అటూ ఇటూగా. కుర్రతనంలో థీబ్స్ నగరంలో బందీగా ఉన్నాడు. అప్పట్లో గ్రీసులో మొనగాడు సైన్యం వాళ్లదే. అక్కడ చూసింది ఊరికే పోనివ్వలేదు. కొందరు శత్రువులకి డబ్బిచ్చి, కొందరికి మాటిచ్చి ఏడాది గడువు సంపాదించాడు. ఆ ఏడాదంతా సైనికులకి కవాతు.

వాళ్ల చేతికి ఇచ్చింది సరిస్సా అనే ఈటె. గ్రీకుల మామూలు ఈటె ఏడెనిమిది అడుగులైతే ఇది సుమారు 18 అడుగులు. అంకె చెబితే పిల్లలకి ఎక్కలేదు. ఒక రోజు మామిడికాయలు కోసే దోటి రెండు తెచ్చి, ఒకదానికొకటి కట్టి, బడి వరండాలో తొమ్మిదో తరగతి కుర్రాడికిచ్చాను. ఒంటిచేత్తో ఎత్తబోతే కొస నేలకి వాలిపోయింది. రెండు చేతులూ పెట్టాడు, నిలబడింది. ‘మరి డాలు ఎలా పట్టుకుంటారు సార్?’ అన్నాడు వెంటనే. అసలు సంగతి అదే. చిన్న డాలుని మెడకి, భుజానికి తగిలించుకునేవారు. వెనక వరసల ఈటెలు కూడా ముందువాడిని దాటి బయటికి వచ్చేవి. శత్రువు ఈటె వీళ్లని తాకేలోపే వీళ్ల మొనలు వాడి ఎదురురొమ్ముకి వచ్చేవి. కానీ ఒక్కడు అడుగు తప్పితే వరసంతా చెదిరిపోతుంది. అందుకే అంత కవాతు.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మాత్రం సామాను సంగతి. బళ్లు వద్దన్నాడు. పదిమంది కాల్బలానికి ఒక్కడే పనివాడు. ముప్ఫై రోజుల పిండి ఎవరిది వాళ్లే మోసుకోవాలి. మిగతా గ్రీకు సైన్యాలకంటే వేగంగా నడిచారంటే కారణం ఇదే. 358లో అదే ఇల్లీరియన్లని చితక్కొట్టారు.

338లో ఖైరోనియా దగ్గర ఏథెన్స్, థీబ్స్ కలిసి వచ్చినా ఓడిపోయాయి. థీబ్స్‌లో ఏరికోరి తీసుకున్న 300 మంది దళం అక్కడే తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి రాతి సింహం దగ్గర తవ్వితే వరసల్లో పడుకోబెట్టిన 254 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఫిలిప్‌ని మెచ్చుకుంటూనే ఇదీ చెప్పాలమ్మా. 348లో ఒలింథస్ అనే గ్రీకు నగరాన్ని నేలమట్టం చేసి, జనాన్ని బానిసలుగా అమ్మేశాడు. ఆ పని క్షమించలేం.

336లో కూతురి పెళ్లి వేడుకలో ఆయన్ని సొంత అంగరక్షకుడే పొడిచి చంపాడు. అప్పటికే ఆయన పంపిన ముందు దళం ఆసియా గడ్డ మీద అడుగుపెట్టింది. ఇరవై ఏళ్ల కొడుకు తీసుకెళ్లింది ఆ సైన్యాన్నే.

ప్రశ్న: బైబిల్లో ‘ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక’ ఉంది కదా. ఆ ఊరికీ ఈ రాజుకీ సంబంధం ఉందా అండీ? – ఒక పాఠకుడు, నర్సాపురం

జవాబు: ఉంది బాబూ, ఆ పేరు ఈయనదే. అంతకుముందు ఆ ఊరు క్రెనిడెస్, అంటే ఊటలు. క్రీ.పూ. 356లో దాన్ని చేజిక్కించుకుని జనాన్ని దింపి తన పేరు పెట్టాడు. దగ్గర్లోని బంగారు గనుల నుంచి ఏడాదికి వెయ్యి టాలెంట్లకు (ఒక టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి) పైగా వచ్చేదని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. పొలం పనులకి ఇంటికి పంపకుండా సైనికుడిని ఏడాది పొడవునా జీతంతో నిలబెట్టింది ఆ బంగారమే. ఆ పత్రిక రాసిన పౌలు అక్కడికి వెళ్లింది దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత. ఊదారంగు అమ్మే లూదియ ఆయన మాటలు విన్నది ఆ ఊరి బయట, నది ఒడ్డునే.