స్టిల్ట్ భవనం నాన్‌లీనియర్ విశ్లేషణలో బేస్ షియర్ కాలమ్‌ల సామర్థ్యాన్ని ఎందుకు మించుతోంది?

కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా వదిలిన అయిదంతస్తుల కాంక్రీటు భవనాన్ని (స్టిల్ట్ భవనాన్ని) మీరు ఓపెన్‌సీస్ అనే భూకంప విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో నమూనా చేసి, 2001 భుజ్ భూకంపం నాటి అహ్మదాబాద్ రికార్డును హెచ్చించి ప్రయోగించారు. కింది కాలమ్‌లన్నీ యీల్డ్ అయ్యాక (పరిమితి దాటి శాశ్వతంగా వంగడం మొదలయ్యాక) కూడా బేస్ షియర్ (భవనం అడుగున పుట్టే మొత్తం అడ్డబలం) పెరుగుతూనే ఉందని, మెష్ (నమూనాను ముక్కలుగా విభజించిన తీరు) సన్నం చేసినా, టైమ్ స్టెప్ తగ్గించినా ఫలితం మారలేదని రాశారు. పాత స్టిల్ట్ భవనాల పటిష్ఠతను పరిశీలించడమే నా వృత్తి కనుక ఈ లక్షణం నాకు బాగా పరిచయం. మెష్‌ను పక్కన పెట్టి ముందు డ్యాంపింగ్ (ఊపును తగ్గించే నిరోధం) చూడండి.

మొదట చేత్తో ఒక లెక్క వేయండి. ఒక్కో కాలమ్ మొమెంట్ (వంపును తట్టుకునే) సామర్థ్యం 150 కిలోన్యూటన్ మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అయితే, రెండు చివరలా హింజ్ (యీల్డ్ అయి కీలులా తిరిగే చోటు) ఏర్పడ్డాక అది మోయగల షియర్ 100 కిలోన్యూటన్లు. 12 కాలమ్‌లకు 1,200. ఇప్పుడు ఒకే క్షణంలో ప్రతి అంతస్తు ద్రవ్యరాశిని దాని నిరపేక్ష త్వరణంతో (నేల కదలికను కూడా కలుపుకున్న త్వరణంతో) గుణించి కూడండి. అది 1,600 వస్తే, హార్డెనింగ్‌కు (యీల్డ్ తర్వాత కొద్దిగా పెరిగే బలానికి) కొంత వదిలేసినా, మిగిలినదంతా మోస్తున్నది డ్యాంపింగే. అసలు భవనంలో అంత బలాన్ని మోసే భాగమేదీ లేదు.

రేలీ డ్యాంపింగ్‌ను (ద్రవ్యరాశి, స్టిఫ్‌నెస్‌ల నుంచి డ్యాంపింగ్‌ను కట్టే పద్ధతి) ప్రారంభ స్టిఫ్‌నెస్‌తో నిర్మిస్తే, కాలమ్ యీల్డ్ అయినా డ్యాంపింగ్ మాత్రిక మాత్రం పగుళ్లు లేని భవనానిదిగానే ఉండిపోతుంది. స్టిఫ్‌నెస్ ఇరవై అయిదో వంతుకు పడితే సహజ పౌనఃపున్యం అయిదో వంతు అవుతుంది. అప్పుడు 2 శాతంగా ఇచ్చిన డ్యాంపింగ్ నిష్పత్తి 10 శాతంలా పనిచేస్తుంది. స్టిల్ట్ భవనంలో ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే పై అంతస్తులను ఇటుక గోడలు బిగించి ఉంచడం వల్ల కదలికంతా కింది అంతస్తులోనే పోగుపడుతుంది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో 2001 జనవరి 26న ఇలాంటి అపార్ట్‌మెంట్లు కింది అంతస్తు దగ్గరే కూలిపోయాయి. సరిగ్గా అక్కడే లేని డ్యాంపర్‌ను పెట్టిన నమూనా, మనం వెతుకుతున్న బలహీనతనే కప్పిపుచ్చుతుంది. మా దగ్గరకు సమీక్షకు వచ్చిన ఒక నివేదికలో కింది అంతస్తు డ్రిఫ్ట్ (పక్కకు జరిగే కదలిక) సురక్షితంగా కనిపించింది. డ్యాంపింగ్‌లోని ఈ ప్రారంభ స్టిఫ్‌నెస్ పదాన్ని మాత్రమే మార్చి నడిపితే ఆ భద్రత నిలవలేదు.

రేలీ కమాండ్‌లో నాలుగు గుణకాలు వరుసగా ద్రవ్యరాశికి, ప్రస్తుత స్టిఫ్‌నెస్‌కు, ప్రారంభ స్టిఫ్‌నెస్‌కు, చివరిసారి కమిట్ అయిన (గత టైమ్ స్టెప్ పూర్తయ్యాక ఖరారైన) స్టిఫ్‌నెస్‌కు చెందినవి. మూడోదాన్ని సున్నా చేసి ఆ విలువను నాలుగోదానికి ఇవ్వండి. ఇటరేషన్ల మధ్య అది మారదు కనుక కన్వర్జెన్స్ కూడా కుదురుగా ఉంటుంది. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ద్రవ్యరాశి పదం ఇచ్చే డ్యాంపింగ్ నిష్పత్తి కూడా పెరుగుతుంది, ఆ సమస్య దీనితో తీరదు కనుక, గుణకాలను లెక్కించేటప్పుడు మొదటి ఆవర్తన కాలానికి బదులు దానికి ఒకటిన్నర రెట్లు తీసుకోవడం నా అలవాటు. హింజ్‌లను జీరోలెంగ్త్ ఎలిమెంట్లుగా (పొడవు లేని స్ప్రింగులుగా) పెట్టి ఉంటే వాటికి రేలీ వర్తింపజేయవద్దు. భారత భూకంప డిజైన్ ప్రమాణం ఐఎస్ 1893లోని 5 శాతం డ్యాంపింగ్‌ను కూడా ఇక్కడికి తేవద్దు. అది డిజైన్ బలాన్ని అంచనా వేసే లీనియర్ పద్ధతికి ఉద్దేశించినది. ఫైబర్ సెక్షన్లు (కాలమ్ అడ్డుకోతను సన్నని పోగులుగా విభజించిన నమూనాలు) యీల్డ్ వల్ల ఖర్చయ్యే శక్తిని స్వయంగా లెక్కిస్తాయి కనుక, 2 శాతం చాలునని నా అభిప్రాయం.

ఈ మార్పు తర్వాత విశ్లేషణ మధ్యలో ఆగిపోవచ్చు. అలా ఆగినంత మాత్రాన భవనం కూలినట్లు కాదు. కాలాన్ని అడుగులుగా లెక్కించే న్యూమార్క్ సగటు త్వరణ పద్ధతి ఏ టైమ్ స్టెప్‌కైనా స్థిరంగా ఉండటం లీనియర్ వ్యవస్థలకే పరిమితం. ఆగిన చోట టైమ్ స్టెప్‌ను బాగా తగ్గించి, న్యూటన్ లైన్ సెర్చ్ అనే పరిష్కార పద్ధతితో నడపండి. పీ-డెల్టా ప్రభావం (పక్కకు ఒరిగిన భవనాన్ని దాని బరువే మరింత ఒరిగించడం) చేర్చిన నమూనాలో, స్టెప్ ఎంత తగ్గించినా కింది అంతస్తు డ్రిఫ్ట్ ఒకే దిశలో అదుపు లేకుండా పెరుగుతూ పోతేనే దాన్ని కూలిపోవడంగా తీసుకోండి.

ఇంకొకటి కూడా తప్పక చూడండి. మామూలు ఫైబర్ ఎలిమెంట్ వంపును, అక్షీయ బలాన్ని చూస్తుందే తప్ప షియర్ వైఫల్యాన్ని చూపదు. మీ భవనం పాతదై, కాలమ్ రింగులు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, కొక్కేలు 90 డిగ్రీలకే వంచి ఉంటే, పైన లెక్కించిన 100 కిలోన్యూటన్లకు చేరకముందే కాలమ్ షియర్‌లో తెగిపోవచ్చు. ఆ పోలికను ప్రతి కాలమ్‌కూ విడిగా చేయాలి.