భార్య జీతం భర్తదేనా?

ప్రశ్న: మార్గరెట్ అట్‌వుడ్ నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ చదివాను. అందులో ఒక్క రోజులో ఆడవాళ్ల బ్యాంకు ఖాతాలన్నీ ఆపేసి, ఆ డబ్బు భర్తల చేతికి, ఇంట్లో మగవాళ్ల చేతికి ఇచ్చేస్తారు. చదివాక ఒకటే టెన్షన్. పెళ్లయిన దగ్గర్నుంచీ నా జీతం కార్డు మా వారి దగ్గరే ఉంది. అడిగితే “భార్య సంపాదన భర్తదే, చట్టమే ఉంది” అంటారు. నిజమేనా?

జవాబు: లేదమ్మా. మీ వారు చెప్పే చట్టం ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఉండేది. పెళ్లయ్యాక భార్య కూలి చేసి తెచ్చిన డబ్బు కూడా మొగుడిదే అనేవారు, 1870లో సంపాదన వరకు, 1882లో మొత్తం ఆస్తికి చట్టాలు చేసి దాన్ని వదిలించుకున్నారు. ఫ్రాన్సులో అయితే భర్త అనుమతి లేకుండా భార్య సొంత ఖాతా తెరవడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. ఎక్కడా జరగనిదేదీ తన నవలలో పెట్టలేదని అట్‌వుడ్ అన్నది ఊరికే కాదు. ఆ నవల వచ్చింది 1985లో. అదే ఏడాది సెప్టెంబర్ 5 నుంచి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. రెంటికీ సంబంధం లేదు, ఎందుకో నాకు గుర్తొస్తుంటుంది.

సరే, మీ విషయం. మీరు హిందువులైతే 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చాలు: స్త్రీ తన కష్టంతో సంపాదించుకున్నదానికి ఆమే పూర్తి యజమాని. జీతం లాగేసుకోవడం 2005 గృహహింస చట్టం ప్రకారం ఆర్థిక హింస. చెయ్యి చేసుకుంటేనే గృహహింస అనుకుంటారు చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా.

కోర్టు సంగతి తర్వాత, ముందు బ్యాంకుకు వెళ్లండి. కార్డు బ్లాక్ చేయించి, ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి (ఓటీపీలు ఆయనకే వెళ్తుంటే కొత్త కార్డు తీసుకునీ లాభం లేదు). అది జాయింట్ ఖాతా అయితే మీ ఒక్కరి పేరున కొత్తది తెరిచి ఆఫీసులో ఆ నంబరు ఇవ్వండి. ఈ మార్పు తెలిసి ఆయన కొడతారేమోనని ఏ కాస్త భయమున్నా, కార్డు జోలికి వెళ్లకముందే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

దారికి రాకపోతే రక్షణాధికారి (గృహహింస కేసుల కోసం ప్రభుత్వం నియమించే అధికారి) ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టొచ్చు. విడాకులు అడగక్కర్లేదు, ఇల్లు వదలక్కర్లేదు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు, జీతం ఎంతున్నా సరే ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకెళ్లండి.