లక్ ఆఫ్ ద సీ 3 ఉన్న రాడ్‌తో కూడా మెండింగ్ పుస్తకం ఎందుకు పడట్లేదు?

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఇంటి పక్కన గుంట తవ్వి ఎంత గాలం వేసినా చేపలు, తోలు బూట్లే వస్తున్నాయని, మెండింగ్ (అరిగిన వస్తువుని బాగుచేసే ఎన్‌చాంట్‌మెంట్, అంటే మంత్రశక్తి) పుస్తకం పడట్లేదని, ఇంతకంటే మంచి రాడ్ ఉందా అని అడిగారు. రాడ్ సంగతి తర్వాత, ముందు గుంట కొలవండి. కింద చెప్పేవన్నీ జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే వెర్షన్) లెక్కలు.

2020లో వచ్చిన 1.16 వెర్షన్ నుంచి ట్రెజర్ (విలువైన వస్తువులు) ఓపెన్ వాటర్‌లోనే పడుతుంది. అంటే బెండు పడిన బ్లాక్ మధ్యలో ఉండేలా చుట్టూ 5×5 జాగా కావాలి. ఆ జాగా అంతా రెండు బ్లాకుల లోతు నీళ్లు, పైన రెండు బ్లాకులు ఖాళీ గాలి. పైన తామరాకు ఉన్నా, నీళ్లలో నాచు ఉన్నా ఫరవాలేదు. ఒక్క మట్టి బ్లాక్, ఒక్క స్లాబ్, ఒక్క పారే నీటి బ్లాక్ అడ్డొచ్చిందా, ట్రెజర్ సున్నా. అప్పుడు రాడ్‌కి లక్ ఆఫ్ ద సీ (ట్రెజర్ అవకాశం పెంచే ఎన్‌చాంట్‌మెంట్, ఇకపై లక్) 3 ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సరిగ్గా 5×5 తవ్వితే బెండు ప్రతిసారీ నడిమధ్య పడదు కాబట్టి 9×9, మూడు లోతు తవ్వండి. ట్రాప్‌డోర్, నోట్ బ్లాక్ పెట్టి, మనం నిద్రపోయినా వాటంతట అవే చేపలు పట్టే పాత ఫారాలు ట్రెజర్‌కి పనికిరాకుండా పోయింది ఈ నియమం వల్లే. యూట్యూబ్‌లో ఆ పాత వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిని నమ్మి గంటలు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు.

నీళ్లు సరిపోయాక రాడ్ లెక్క మొదలవుతుంది. ఏ ఎన్‌చాంట్‌మెంటూ లేకపోతే ట్రెజర్ 5 శాతం. లక్ 1కి 7, లక్ 2కి 9, లక్ 3కి 11.3 శాతం. ట్రెజర్‌లో ఆరు రకాలున్నాయి: విల్లు, ఎన్‌చాంటెడ్ పుస్తకం, రాడ్, నేమ్ ట్యాగ్, నాటిలస్ షెల్, జీను. ఆరింటికీ సమాన వాటా. అంటే లక్ 3తో కూడా పుస్తకం వచ్చేది దాదాపు 53 సార్లకు ఒకటి. అది మెండింగే అవ్వాలని రూలేం లేదు.

చాలామంది చిన్నచూపు చూసేది లూర్‌ని (చేప త్వరగా పడేలా చేసే ఎన్‌చాంట్‌మెంట్). లూర్ ఉంటే ట్రెజర్ తగ్గుతుందని ఇప్పటికీ చెబుతుంటారు. 2016లో వచ్చిన 1.9కి ముందు అది నిజమే, ఇప్పుడు కాదు. చేప రావడానికి 5 నుంచి 30 సెకన్లు పడుతుంది, లూర్ ఒక్కో లెవెల్ 5 సెకన్లు కోసేస్తుంది. దగ్గరికొచ్చి కొరికే సమయం కూడా కలిపితే సగటున 20 సెకన్లయ్యేది లూర్ 3తో 10కి దిగుతుంది. లక్ 3 ట్రెజర్‌ని రెండింతలు దాటిస్తే, లూర్ 3 వేటల సంఖ్యనే రెండింతలు చేస్తుంది. రెండూ ఒకే రాడ్ మీద పడతాయి. కండ్యూట్‌కి (నీళ్లలో ఊపిరి ఆడేలా చేసే బ్లాక్) కావలసిన 8 నాటిలస్ షెల్స్‌కి వట్టి రాడ్‌తో అయిదారు గంటలు, ఈ రాడ్‌తో గంటన్నర లోపు.

బెండు మీద ఆకాశం కనబడాలి. ఒక్క చెట్టు కొమ్మ నీడ పడినా సమయం రెట్టింపు, లూర్ లాభమంతా అక్కడే హారతి కర్పూరం. గాజు కప్పు ఉంటే నష్టం లేదు. వాన పడుతుంటే అయిదో వంతు సమయం ఆదా అవుతుంది, మంచు లెక్కలోకి రాదు.

కొన్ని సర్వర్లలో డబ్బులకి అమ్మే 'లెజెండరీ' రాడ్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ ప్లగిన్‌లో (సర్వర్‌కి కలిపే అదనపు ప్రోగ్రాం) ఓనర్ రాసుకున్నదే శాతం. ఆ అంకె బయటపెట్టని చోట పైసా పెట్టొద్దు.

మామూలు రాడ్ 64 సార్లకు విరుగుతుంది. అన్‌బ్రేకింగ్ 3 వేస్తే సగటున నాలుగింతలు వస్తుంది. పట్టిన రాడ్లలో లూర్ 2 ఉన్నవి రెండు దొరికితే అన్విల్ మీద కలిపి లూర్ 3 చేసుకోండి.

మీకు కావలసింది మెండింగ్ ఒక్కటే అయితే మాత్రం గాలం పక్కన పెట్టి, పని లేని విలేజర్ (గేమ్‌లోని ఊరివాడు) పక్కన లెక్టర్న్ (పుస్తకం పెట్టే బల్ల) పెట్టండి, అతను పుస్తకాలమ్మే లైబ్రేరియన్ అవుతాడు. మెండింగ్ చూపించేదాకా ఆ లెక్టర్న్ పగలగొట్టి మళ్లీ పెడుతూ ఉండండి. ఒక్క ట్రేడ్ చేశారంటే ఇక మారడు, జాగ్రత్త. ధర 10 నుంచి 38 ఎమరాల్డ్‌లు, ఒక పుస్తకం. ప్రయోగాత్మక ట్రేడ్ మార్పులు ఆన్ చేసిన వరల్డ్‌లో అయితే చిత్తడి నేల విలేజర్‌ని వెతుక్కోవాలి.