బండి ఎప్పుడు వణుకుతుందో చూడండి, ఏది పోయిందో తర్వాత తేలుద్ది

ప్రశ్న: అన్నా నమస్తే. మాది గుంటూరు. డీజిల్ పికప్ ఉంది, సీజన్లో మిర్చి యార్డు కిరాయిలు, మిగతా రోజుల్లో విజయవాడ నుంచి కిరాణా సరుకు తోలుతుంటా. కొన్నాళ్లుగా స్పీడు 60 దాటగానే కాళ్ల కింద జుమ్ముమని వణుకు వస్తోంది, 75 దాకా ఉండి ఆ తర్వాత కాస్త తగ్గుద్ది. స్టీరింగ్ మాత్రం నిలకడగానే ఉంటది. ముందు టైర్లు రెండూ మార్పించా, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించా, ఏం తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ వెనక యాక్సిల్ హౌసింగ్ విప్పి లోపలి క్రౌన్ పినియన్ గేర్లు చూద్దాం అంటున్నాడు. విచిత్రం ఏందంటే ఖాళీ బండికే వణుకు ఎక్కువ, మిర్చి టిక్కీలు (బస్తాలు) వేస్తే చాలావరకు పోద్ది. ఈమధ్యే క్లచ్ ప్లేట్ మార్చారు, వెనక కమాన్లకి (పట్టీల స్ప్రింగులకి) ఒక పట్టా కూడా ఎక్కువ వేయించా. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: హౌసింగ్ అప్పుడే విప్పనియ్యొద్దండీ. మీకు కావాల్సిన సమాధానం సగం మీ ఉత్తరంలోనే ఉంది, అదీ చివర్లో రాసిన ఆ రెండు మూడు మాటల్లో. క్రౌన్ పినియన్ అరిగితే కూత వస్తది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా కూస్తది, లోడు వేస్తే ఇంకా ఎక్కువవుద్ది గానీ తగ్గదు. మీ బండి దానికి పూర్తిగా రివర్స్. ముందు టైర్ల తేడా అయితే ముందుగా స్టీరింగ్ చేతిలో ఊగాలి, మీది ఊగట్లేదు అంటున్నారు, మరి ఆ టైర్ల డబ్బులు ఎందుకు పెట్టించారో నాకు బాధగా ఉంది.

ఒక్క లెక్క చూడండి. 60 స్పీడంటే నిమిషానికి కిలోమీటరు. మీ టైరు ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు పోద్ది కాబట్టి సెకనుకి సుమారు 8 చుట్లు. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడుగాటి గొట్టమే షాఫ్ట్. వెనక యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు, నాలుగు చిల్లర అనుకుంటే షాఫ్ట్ అదే సెకనులో 30కి పైగా తిరుగుద్ది. అందుకే టైరు తేడా వస్తే బండి మొత్తం గడగడా ఊగుద్ది, అద్దం కదులుద్ది, ఒళ్లు కదులుద్ది. షాఫ్ట్ తేడా అయితే ఊపు ఉండదు, ఫ్లోరులో సన్నగా జుమ్మంటది, సీటు కింద నుంచి వస్తది. వణుకుని కొలిచే యాప్‌లు ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయి, ఫోన్‌ని ఫ్లోరు మీద ఆనించి పక్కన మనిషిని చూడమంటే వణుకు సెకనుకి 8 సార్ల దగ్గర (టైరు) పడుద్దా, 30 పైన (షాఫ్ట్) పడుద్దా, 60 పైన (క్రాస్ జాయింట్) పడుద్దా తేలిపోద్ది. ఆ 60 ఎందుకంటే షాఫ్ట్ చివర్లలో వంపులో కూడా తిరగనిచ్చే కీలు, అదే క్రాస్ జాయింట్, దాని తప్పు ఒక చుట్టుకి రెండుసార్లు కొడుద్ది.

తెల్లారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తిన్నటి రోడ్డు చూసుకుని ఇంకో పరీక్ష చేయండి. వణుకు వచ్చే స్పీడులో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి ఇంజన్‌ని ఐడిల్‌కి రానివ్వండి. వణుకు అట్టాగే ఉంటే ఇంజన్‌కి, మౌంటింగులకి సంబంధం లేదు, చక్రాలతో పాటు తిరిగేదే ఏదో. కీ మాత్రం ఆపొద్దండోయ్, బ్రేకు బూస్టర్ పోద్ది, పవర్ స్టీరింగ్ ఉంటే బిగుసుకుపోద్ది, కీ పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాకే పడొచ్చు.

ఇక అసలు సంగతి. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, దానికోసం షాఫ్ట్ ఊడదీస్తారు. ఊడదీసే ముందు చాక్‌పీసుతోనో పెయింటుతోనో గుర్తు పెట్టుకోకపోతే తిరిగి ఎక్కించేటప్పుడు స్ప్లైన్ (ముక్కలు ఒకదాన్లో ఒకటి దిగే పళ్ల గాడి) ఒక పన్ను అటో ఇటో పడే వీలుంది. క్రాస్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు ఒకే వేగంతో తిప్పదు, ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు వెనకబడుద్ది. రెండో జాయింట్ ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తది, రెండు యోకులూ (క్రాస్‌ని పట్టుకునే చీలిక ముక్కలు) ఒకే వరుసలో ఉంటేనే. ఒక్క పన్ను తేడా పడితే సరిచెయ్యదు. వంపు ఎంత ఎక్కువుంటే ఈ వణుకు అంత ఎక్కువ. మీరేమో కమాన్‌కి పట్టా ఎక్కువ వేయించారు, ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనకవైపు ఎత్తుకుపోయింది, వంపు పెరిగింది. టిక్కీలు పడగానే వెనక దిగుద్ది, వంపు తగ్గుద్ది, వణుకు కూడా పోద్ది. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే.

మెకానిక్ చేత ముందు చేయించాల్సింది షాఫ్ట్ చూడటం. సమతలం మీద బండి పెట్టి చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని రెండు చేతులతో అటూ ఇటూ మెలితిప్పి చూడాలి, క్రాస్‌లో టక్కుమని ఆట ఉంటే అది ముందు మార్చాలి. ఒకే గొట్టం షాఫ్ట్ అయితే రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో కంటితోనే తెలుస్తది. మధ్యలో సెంటర్ బేరింగ్ ఉన్న రెండు ముక్కల షాఫ్ట్ అయితే కంపెనీ కొట్టిన బాణం గుర్తులే ప్రమాణం, అంచనా మీద బిగించొద్దు. సెంటర్ బేరింగ్ రబ్బరు చీలిందేమో కూడా చూడమనండి. షాఫ్ట్ మీద చిన్న ఇనుప బిళ్లలు వెల్డింగ్ చేసి ఉంటాయి, బ్యాలెన్స్ కోసం. ఒకటి ఊడితే అక్కడ దీర్ఘచతురస్రంగా రంగులేని మచ్చ కనబడుద్ది, అప్పుడు షాఫ్ట్ బ్యాలెన్సింగ్ చేయించాలి, ఆ పని విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు.

యోకులు సరిచేసినా ఇంకా కొంచెం మిగిలితే అది పట్టా వల్లనే. కమాన్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు వేసి వంపు సర్దొచ్చు. నన్నడిగితే ఆ పట్టా తీసేయించి బండి కెపాసిటీకి తగ్గట్టు లోడు వేసుకోవడమే మేలు, ఎక్కువ లోడు వేస్తే బ్రేకులు ఆ బరువుకి తయారు చేసినవి కావు, ఎదర మనుషులుంటారు.

ఇంకో మాట, డబ్బు ఖర్చు లేనిది. మన నల్లరేగడి చేలల్లోకి బండి దింపితే ఆ మట్టి రిమ్ము లోపలి వైపు గట్టిగా అంటుకుని ఎండిపోద్ది, బయటికి కనబడదు. అదొక్కటే చాలు ఏ బ్యాలెన్సింగూ నిలబడకపోవడానికి. అన్నిటికంటే ముందు ప్రెజర్ పైపుతో రిమ్ముల లోపల, షాఫ్ట్ మీద కడిగించండి.

ప్రశ్న: భవానీపురం నుంచి రోజూ కూరగాయల ట్రిప్పు, నాది కూడా పికప్పే. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద వంపుల్లో హూమని శబ్దం పెరుగుతోంది, కుడివైపు తిరిగేటప్పుడు మరీ ఎక్కువ. టైర్లా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుద్ది, కాబట్టి ముందు అనుమానం ఎడమవైపు హబ్ బేరింగ్ (చక్రం మధ్యలో తిరిగే బేరింగ్) మీద. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు ఎక్కగానే శబ్దం మారిపోతే టైరు అరుగుదల, మారకుండా అట్టాగే కూస్తుంటే బేరింగ్. ఒక ట్రిప్పు తర్వాత చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఒక హబ్ మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం లేపి, జాకీ మీదే వదలకుండా స్టాండ్ వేసి, పైనా కిందా పట్టుకుని ఊపి ఆట చూడాలి, చేత్తో తిప్పితే గరగరమంటే అదే. బ్రేకు పట్టేసినా హబ్ వేడెక్కుద్ది కాబట్టి అది కూడా చూపించండి. బేరింగ్ అయితే మాత్రం వారం తర్వాత చూద్దాంలే అనుకోవద్దు, పూర్తిగా పోతే చక్రం లాక్ అవ్వొచ్చు, ఊడిపోవచ్చు కూడా. ఆ పని అయ్యేదాకా ట్రిప్పు ఆపండి.