విదేశీ యాత్రలో రోజుకెంత?

ప్రశ్న: పది రోజుల విదేశీ యాత్రకు ఉన్న డబ్బును పదితో భాగించి రోజు ఖర్చు వేసుకున్నాం. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. ఇలా వేసిన లెక్క చాలావరకు నాలుగైదు రోజులకే తారుమారవుతుంది. భాగించాల్సింది మొత్తం డబ్బును కాదు, అన్నీ తీసేశాక మిగిలినదాన్ని.

మొత్తం 1,000 పాళ్లు అనుకుందాం. విమానం, వీసా, బీమా కలిపి 480 పోతే మిగిలేది 520. అందులో పదో వంతు, అంటే 52, అత్యవసరానికి వేరే పెట్టండి. దాన్ని రోజు ఖర్చులో కలిపారా, అత్యవసరం రాకముందే అయిపోతుంది. ఇక 468. బసకు రోజులు కాకుండా రాత్రులు లెక్కపెట్టాలి. పది రోజులంటే తొమ్మిది రాత్రులే. ఒక రాత్రి విమానంలోనో రైల్లోనో గడిస్తే ఎనిమిదే. రాత్రికి 20 చొప్పున తొమ్మిదింటికి 180. ఊరి నుంచి ఊరికి ప్రయాణాలు, ముందే కొనాల్సిన ప్రవేశ టికెట్లు 78. చివరికి చేతిలో ఉండేది 210.

దీన్నీ పదితో భాగించకండి, పదకొండుతో భాగించండి. మొదటి రోజుకు రెండు వాటాలు కావాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి, అదీ అర్ధరాత్రి దిగితే, టాక్సీయే దిక్కు. సిమ్, రవాణా కార్డు, దాని మీద డిపాజిట్ అన్నీ ఆ రోజే. అప్పుడు రోజుకు 19, మొదటి రోజుకు 38. మొత్తాన్ని పదితో భాగిస్తే వచ్చే వందతో పోలిస్తే 19 చూడగానే గుండె జారుతుంది, కానీ తిండికి, ఊళ్లో తిరగడానికి, చిల్లర ఖర్చులకు నిజంగా ఉన్నది అంతే. అది చాలదనిపిస్తే రెండు రోజులు తగ్గించుకోవడమో, ఒక ఊరు వదిలేయడమో బయల్దేరకముందే చేయాలి.

ప్రశ్న: ఒకే ఊరికి రోజుకు ఇంత చాలని ఒకరు, దానికి రెట్టింపు కావాలని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరినీ నమ్మకండి. ఇద్దరు ఒకే గది పంచుకున్నవారి లెక్క ఒంటరిగా వెళ్లేవారికి పనికిరాదు. పైగా ధరలు పాతబడతాయి. పర్యాటకులు జపాన్ రైళ్లలో తిరగడానికి కొనే జపాన్ రైల్ పాస్ ధర 2023 అక్టోబరులో దాదాపు 70 శాతం పెరిగింది. అంతకుముందు రాసిన చాలా సలహాలు చదివితే పాస్ కొనడమే లాభమన్నట్టు ఉంటుంది. వెనిస్‌లో 2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, ఆ రాత్రి అక్కడ బస చేయకుండా చూసి వెళ్లేవారు ప్రవేశ రుసుము కట్టాలి. పాత జాబితాల్లో ఆ పద్దే ఉండదు.

అందుకని నాలుగు ధరలు మీరే చూసుకోండి: బస, ఊళ్లో ఒకసారి ప్రయాణానికి టికెట్, మామూలు హోటల్లో ఒక పూట భోజనం, మీరు తప్పక చూడాలనుకున్నచోట ప్రవేశం. బస ధరను డబ్బు కట్టే చివరి పేజీ వరకూ వెళ్లి చూడాలి. శుభ్రపరిచే రుసుము, పన్నులు చాలాసార్లు అక్కడే కలుస్తాయి. చాలా నగరాల్లో మనిషికి, రాత్రికి ఇంత అని వేసే పన్నును అక్కడికి వెళ్లాకే కట్టించుకుంటారు.

ఊరి చివర గది చవకే. అయితే రానూపోనూ చార్జీని మనుషుల సంఖ్యతో హెచ్చించి, గదిలో మిగిలేదానితో పోల్చండి. ముగ్గురు నలుగురు వెళ్తే ఆ లాభం తరచూ ఆవిరైపోతుంది. ఆఖరి రైలు ఎన్నింటికో కూడా చూసుకోండి. అది తప్పితే ఒక్క టాక్సీతో రెండు రోజుల వాటా పోతుంది.

ప్రశ్న: అక్కడ కార్డు వాడాలా, నగదా?

జవాబు: రెండూ. కార్డు గీసినప్పుడు మెషిన్ మీ సొంత కరెన్సీలో కడతారా, స్థానిక కరెన్సీలోనా అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కండి. సొంత కరెన్సీ అంటే మార్పిడి రేటు ఆ మెషిన్ వెనకున్నవారిది, అందులో వాళ్ల లాభం కలిసే ఉంటుంది. ఏటీఎంలో ప్రతిసారీ స్థిర రుసుము పడుతుంటే కొంచెం కొంచెంగా కాక నాలుగైదు రోజులకు సరిపడా ఒకేసారి తీయండి. కమిషన్ లేదని బోర్డు పెట్టిన మార్పిడి కౌంటర్లో కొనే రేటుకు, అమ్మే రేటుకు తేడా చూడండి. కమిషన్ అందులోనే ఉంటుంది.

హోటల్, అద్దె కారువాళ్లు కార్డు మీద కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే అది మీ ఖాతాలోని అసలు డబ్బే. తిరిగి విడుదల కావడానికి రోజులు పట్టొచ్చు. ఆ డబ్బును రోజు ఖర్చులో లెక్కపెట్టుకోకండి.

ప్రశ్న: ఒక రోజు లెక్క దాటిపోతే మర్నాడు కడుపు కట్టుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. దాటినదాన్ని మిగిలిన రోజులన్నిటికీ సర్దండి. 19కి బదులు 27 అయి, ఇంకా నాలుగు రోజులుంటే రోజుకు 2 తగ్గుతుంది, అంతే. వరుసగా మూడు రోజులు దాటితే మాత్రం తప్పు మీ తిండిలో లేదు, అంచనాలో ఉంది. అప్పుడు డబ్బు కట్టే ఒక విహారాన్ని రద్దు చేసుకోండి. రద్దు గడువు ఎప్పటితో ముగుస్తుందో బుకింగ్ చేసిన రోజే రాసి పెట్టుకుంటేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.