కుఫ్రి జ్యోతికి ఆకుమాడు ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న: రెండెకరాల్లో ఉర్లగడ్డ వేస్తాం. కుఫ్రి జ్యోతి రకానికి ఆకుమాడు తెగులు పెద్దగా రాదని మా నాయన అనేవాడు. ఇప్పుడు మబ్బు పట్టిన వారం పది రోజులకే పైరు మాడిపోతోంది. అడవి ఉర్లగడ్డతో సంకరం చేస్తే తెగులు రాదని విన్నాను. ఆ గడ్డ తెప్పించి మేమే చేసుకోవచ్చా?
– ఒక రైతు, పలమనేరు ప్రాంతం

జవాబు: మీ నాయన మాట ఆ కాలానికి నిజమే. 1968లో విడుదలైన కుఫ్రి జ్యోతిలో అడవి ఉర్లగడ్డ అంశ ఇప్పటికే ఉంది. మెక్సికో కొండల్లో పెరిగే సొలానమ్ డెమిసమ్ జాతి నుంచి వచ్చిన నిరోధక జన్యువులు అవి. చిక్కేమిటంటే, ఇలాంటి జన్యువు ఒక్కొక్కటి ఒక్క దొంగ ముఖమే తెలిసిన కావలివాడు లాంటిది. ఆకుమాడు (లేట్ బ్లైట్) తెచ్చే క్రిమి వేషం మార్చుకుని వస్తే గుర్తుపట్టలేదు. (ఆ క్రిమిని శిలీంధ్రం అంటాం గానీ, సముద్రపు నాచుకే దగ్గరి చుట్టం.) డెమిసమ్‌లో ఇలాంటి జన్యువులు 11 గుర్తించారు. ఒక్కో జన్యువును నమ్ముకున్న రకాలు ఏదో ఒకనాడు లొంగిపోయాయి.

అందుకే ఇప్పుడు వేర్వేరు అడవి జాతుల జన్యువులను రెండు మూడు కలిపి ఒకే రకంలో పెడుతున్నారు. వాటిలో మెక్సికోదే మరో జాతి, సొలానమ్ బల్బోకాస్టానమ్, ముఖ్యమైనది. కానీ దానికి 24 క్రోమోజోములు, మన గడ్డకు 48. పుప్పొడి చల్లితే నేరుగా కాయ కట్టదు. అమెరికాలో శాస్త్రవేత్తలు రెంటి కణాలనే ల్యాబ్‌లో కలిపి మొక్క చేశారు. 2003లో దాని నిరోధక జన్యువును విడిగా పట్టుకున్నారు.

కాబట్టి పొలంలో మీరు చేసుకునే పని కాదు. పైగా మన దగ్గర పగటివేళ తక్కువగా ఉండే కాలంలో ఉర్లగడ్డ సరిగా పూయదు. సిమ్లా దగ్గర కుఫ్రి కొండల్లో సంకరం చేస్తారు, ఆ పేరే రకాలకు వచ్చింది. ఇంకో సంగతి. అడవి గడ్డ చేదు. అమెరికాలో 1967లో విడుదల చేసిన లెనాపే రకానికి అడవి జాతి సొలానమ్ చకోయెన్స్ పూర్వీకురాలు. చిప్స్‌కు భేషుగ్గా పనికొచ్చింది గానీ, గడ్డలో విషపు చేదు ఎక్కువని 1970లో వెనక్కి తీసుకున్నారు. ఆ చేదు పోయేదాకా మంచి రకంతో మళ్లీ మళ్లీ సంకరం చేయాలి. ఏళ్లు పడుతుంది.

కుఫ్రి గిర్ధారి, కుఫ్రి హిమాలిని తెగులును బాగా తట్టుకుంటాయి. కాకపోతే అవి ప్రధానంగా కొండ ప్రాంతాల కోసం తీసినవి. ఎకరమంతా కాదు, ముందు నాలుగు సాళ్లు వేసి చూడండి.

ఈ పంటకైతే, చల్లగా మబ్బు పట్టి ఆకు తడిగా ఉంటోందంటే మచ్చ కనిపించేదాకా ఆగకండి. లీటరు నీటికి మాంకోజెబ్ 2.5 గ్రాములు, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి. మచ్చ కనబడితే సైమోక్సానిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 3 గ్రాములు. మట్టి బాగా ఎగదోయండి, లేకపోతే తెగులు వానతో గడ్డలోకి దిగుతుంది. పైరు చాలావరకు మాడితే ఆకు, కాడ కోసి చేను బయట పడేయండి. ఆ చేలో గడ్డను మాత్రం విత్తనానికి ఉంచకండి.